గోడవైపు తిరిగిన ప్రొపెల్లర్

మా పడవ ప్రొపెల్లర్ పాడైందని సుత్తితో తట్టినప్పుడు తెలిసింది. తెరచాప పడవను పడవలు బాగుచేసే యార్డులో ఒడ్డుకెక్కించి దిమ్మెల మీద నిలబెట్టాం. అడుగున పట్టిన నాచు గీకుతూ, ఊరికే చూద్దామని రెక్క మీద ఓ దెబ్బ వేశాను. మంచి కంచయితే ఖంగుమనాలి. ఇది పగిలిన కుండలా చప్పగా మోగింది. గోరుతో గీకితే పసుపు పోయి లోపలంతా గులాబీ రంగు. ఉప్పునీళ్ళు దాన్ని లోపల్లోపలే తినేశాయి. గట్టిగా నొక్కితే అంచు బిస్కెట్టులా విరిగి చేతిలోకొచ్చింది.

నేను ఇరవై రెండేళ్ళు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. కొలతలన్నా నియమాలన్నా నాకు ప్రాణం. నా భార్య దాన్ని చాదస్తం అంటుంది, అననీ. ఆ చాదస్తంతోనే పడవలో కూడా ఒక నియమం పెట్టాను. ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరు వెళ్ళినా ఇంజిన్ తాళంచెవి వాళ్ళ మెడలో వేసుకునే వెళ్ళాలి. అప్పుడు పైనున్నవాళ్ళు పొరపాటున కూడా ఇంజిన్ వేయలేరు. లిఫ్టు గుంటలోకి దిగే మనిషికి మా ఉద్యోగంలో నేర్పే మొదటి పాఠమే అది. తాళంచెవి మెడలో ఉన్నంతసేపూ మనిషికి ఢోకా లేదని గట్టిగా నమ్మాను.

ఏడాదిపాటు సముద్రం మీద తిరగాలని మా ముగ్గురి ఆలోచన. నేను, నా భార్య, ఆమె తమ్ముడు. మా బామ్మర్ది వడ్రంగి. పడవలో అల్మరాలు, బల్లలు, చివరికి చెంచాలు పెట్టుకునే పెట్టె కూడా వాడి చేతి పనే. తల్లి పోయాక వాణ్ణి అక్కే పెంచింది. వాడు మాతో వస్తానన్న రోజున ఆమె నన్ను పక్కకు పిలిచి, “వాడికి నీళ్ళంటే భయం లేదండీ. నా భయమంతా అదే. వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను,” అంది. నేను నవ్వేసి, నా నియమాలన్నీ మళ్ళీ ఒకసారి వల్లించాను.

యార్డు గేటు పక్కనే ప్రొపెల్లర్ల మేస్త్రీ కొట్టు. ముసలాయన. ఎడమ చెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే ఉంటుంది. లోపల మైనం వాసన, అరగదీసిన కంచు వాసన. మూడు గోడల నిండా మేకులకు వేలాడుతూ ప్రొపెల్లర్లు.

“మూడు రెక్కలదే కావాలి,” అన్నాను. “రేవులో వెనక్కి తియ్యాలంటే పట్టు ఉండాలి.”

“బావా, మనది తెరచాప పడవ,” అన్నాడు బామ్మర్ది. “తెరచాప ఎత్తగానే రెక్కలు ముడుచుకునేది తీసుకుందాం. మూడు రెక్కలంటే నీళ్ళల్లో బకెట్ కట్టుకుని ఈడ్చుకెళ్ళినట్టే.”

“ముడుచుకున్నవి అవసరానికి తెరుచుకోకపోతే?”

“నీకు అన్నీ లిఫ్టు తలుపులేలే.”

ఇద్దరం వాదించుకుంటుంటే మేస్త్రీ మా పాత ప్రొపెల్లర్‌ని త్రాసులో పెట్టి తూచాడు. “కంచు నీళ్ళల్లో అరుగుతుంది బాబూ. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా తూచి రేకు మీద గీస్తాను. బరువు తగ్గిందంటే పని అయిపోయినట్టే,” అన్నాడు. తర్వాత ప్రొపెల్లర్‌ని తిప్పే మా షాఫ్టు కొలత చూసి తేల్చి చెప్పాడు. పదహారు అంగుళాలది, మూడు రెక్కలది, కుడివైపు తిరిగేది కావాలి. కొత్తది తెప్పించడానికి నలభై రోజులు.

మరో మూడు వారాల్లో గాలి మారిపోతుంది. అది మారితే ఆ ఏడాదికి ప్రయాణం ఉండదు.

“అదిగో, అది సరిపోయేలా ఉందే,” అన్నాడు బామ్మర్ది మూలనున్న దాన్ని చూపిస్తూ. కొట్టులో అదొక్కటే గోడవైపు తిరిగి వేలాడుతోంది.

“అది అమ్మేది కాదు.” మేస్త్రీ ముఖం మాడ్చుకున్నాడు. “నేను గోడవైపు తిప్పి పెట్టానంటే, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని.”

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాం. మేస్త్రీ కంటి ఆపరేషన్‌కి వెళ్ళాడట, కొట్టులో కోడలు కూర్చుంది. ఆవిడ వెనక గదిలో ఫోన్ మాట్లాడుతుంటే బామ్మర్ది తిన్నగా మూలకు వెళ్ళి, ఆ ప్రొపెల్లర్‌ని మేకు మీదే ఇవతలికి తిప్పాడు.

“బావా, చూడు. పదహారు. కుడి. మూడు రెక్కలు. మనకోసమే పుట్టింది.” దానికి కట్టిన రేకు ముక్క చదివి పకపకా నవ్వాడు. “ఎనిమిది కిలోలు. దాని కింద ఎనిమిదీ డెబ్బై గ్రాములు. తర్వాత ఎనిమిదీ నాలుగొందల ఎనభై. తర్వాత ఎనిమిదీ తొమ్మిదొందల ఇరవై. మా అక్కలాగే, వచ్చినప్పుడల్లా బరువు పెరుగుతోంది!”

నేనూ నవ్వాను. కంచు అరుగుతుందే గానీ పెరగదు. కొలతల మనిషిని, నాకా మాత్రం తెలియదా? తెలుసు. ముసలాయనకు చూపు ఆనక తప్పు గీశాడని సర్దిచెప్పుకున్నాను. కోడలు బయటికొచ్చి, “అదా? ముందుకు తిరిగి ఉందిగా, తీసుకోండి అన్నా,” అంది. దాన్ని తిప్పింది మేమేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. గాలి మారిపోతుందన్న తొందరలో చెప్పలేదు.

అయిదో రోజు పడవను నీళ్ళలోకి దించి, రేవుకు దగ్గర్లోనే తీరం లోపలికి వంగిన ఒక చిన్న మలుపులోకి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అంతవరకూ బాగానే నడిచిన ఇంజిన్ ఉన్నట్టుండి గడగడలాడింది. ప్రొపెల్లర్‌కి తాడు ముక్కేదో చుట్టుకుని ఉంటుందనుకున్నాం. ఇంజిన్ ఆపి లంగరు వేశాను. తెరచాపలు అప్పటికే దించి కట్టేసి ఉన్నాయి. తాళంచెవి తీసి బామ్మర్ది మెడలో నా చేత్తోనే వేశాను.

“పూలదండ కూడా వెయ్యి బావా,” అని, చాకు పళ్ళ మధ్య పెట్టుకుని దూకాడు.

తాడు విప్పాలంటే లోపలి నుంచి ఎవరో ఒకరు షాఫ్టును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. వాడు నీళ్ళ కింద నుంచి పడవ అడుగు మీద ఒక తట్టు తడితే తిప్పాలి, రెండు తడితే ఆపాలి. నేను మెట్ల కింద ఇంజిన్ గదిలోకి దూరి బోర్లా పడుకున్నాను. చీకటి. డీజిల్ వాసన, పాత నూనె జిడ్డు. చేతుల కింద షాఫ్టు చల్లగా తగులుతోంది.

టక్. పావు చుట్టు తిప్పాను.

టక్ టక్. ఆపాను.

టక్. తిప్పాను. అంతా సవ్యంగానే ఉంది. కానీ డీజిల్ వాసనను అణిచేస్తూ మరేదో వాసన వస్తోంది... కసాయి కొట్టు ముందు నుంచి వెళ్తుంటే వచ్చే పచ్చి వాసన.

టక్.

ఈసారి పడవ ముందు భాగంలోంచి వినిపించింది. వాడు అక్కడికెందుకు వెళ్ళాడో అర్థం కాలేదు. అయినా తిప్పాను.

“ఏమండీ,” పైనుంచి నా భార్య గొంతు. “వాడు పైకొచ్చాడు, ఊపిరి తీసుకుంటున్నాడు.”

“ఎప్పుడొచ్చాడు?”

“నిమిషం పైనే అయింది. ఏం?”

టక్... సరిగ్గా నా పొట్ట కింద.

“వాణ్ణి ఎక్కెయ్యమను,” అన్నాను. నాకే వినబడనంత చిన్నగా వచ్చింది మాట. పైన వాడు, “ఇంకొక్క చుట్టే అక్కా!” అనడం వినిపించింది. నీళ్ళు చప్పుడు చేశాయి.

అప్పుడు షాఫ్టు నా చేతుల్లో కదిలింది.

నేను తిప్పలేదు. ఇంజిన్ చచ్చిపడి ఉంది. తాళంచెవి వాడి మెడలో ఉంది. అయినా కదిలింది... ఒక చుట్టు... ఇంకో చుట్టు... గట్టిగా పట్టుకున్నాను. అరచేతుల చర్మం ఊడి షాఫ్టుకు అంటుకుపోయింది. పక్కనున్న పెద్ద రెంచి తీసి షాఫ్టుకు బిగించాను. అది రెంచిని లాక్కుని గిర్రున తిప్పి నా ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ దవడకు తగిలి రెండు పళ్ళు నోట్లో రాలాయి.

టక్ టక్.

వాడే. ఆపమంటున్నాడు.

టక్ టక్. టక్ టక్. టక్ టక్.

ఆపు బావా. ఆపు. ఆపు... విరిగిన చెయ్యిని కూడా షాఫ్టు మీద వేసి, ఒంటి బరువంతా పెట్టి పడుకున్నాను. అది నన్ను చొక్కాతో సహా కిందకు లాగుతోంది. ఇంతలో పడవ అడుగంతా మరో చప్పుడు మొదలైంది. ముందు నుంచి, వెనక నుంచి, నా చెవి కింద నుంచి.

టక్. టక్. టక్.

ఒక్కొక్కటే. తిప్పు. తిప్పు. తిప్పు.

పైన నా భార్య పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. పడవను రేవుకు లాక్కునే కొక్కెం కర్రతో ఆమె తమ్ముడి చొక్కా పట్టి ఒక్కతే పైకి లాగింది. వాడి కాళ్ళు నీళ్ళు దాటగానే షాఫ్టు టక్కున ఆగిపోయింది.

పాక్కుంటూ పైకి వచ్చాను. అద్దంలాంటి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. నరాలు దారపు పోగుల్లా వేలాడుతున్నాయి. మధ్యలో తెల్లగా ఎముక. గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు చిమ్మి ఆమె ముఖాన పడుతోంది. ఆమె ముఖం తుడుచుకోలేదు. తెరచాప తాడు వాడి మోచేతికి చుట్టి పళ్ళతో బిగించింది. తాళంచెవి వాడి మెడలోనే ఉంది.

ఆమె నెత్తురోడుతున్న నా అరచేతుల వైపు చూసింది. “మీరు తిప్పారా?”

“లేదు.”

“మరి ఎవరు తిప్పారు?”

వాడు పైకొచ్చాక వినిపించిన ఆ తట్లకు తిప్పింది మాత్రం నేనే.

వాడు బతికాడు. చెయ్యి మాత్రం దొరకలేదు. ఈతగాళ్ళు రెండు రోజులు వెతికారు. అంత నిర్మలమైన నీళ్ళల్లో ఒక్క వేలు కూడా కనిపించలేదు. ఆస్పత్రిలో మూడో రోజు వాడు నన్ను దగ్గరికి వంగమన్నాడు.

“బావా, నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు.”

“అలా అనిపిస్తుందిరా. డాక్టరు చెప్పాడుగా, లేని చెయ్యి ఉన్నట్టే ఉంటుందని.”

“ఉన్నట్టు కాదు బావా. పట్టుకున్నారు. ముగ్గురు.” మొండి చేతి వైపు చూశాడు. “ఇద్దరివి నిండు చేతులు. ఒకటి మంచులా ఉంది. మూడో మనిషివి రెండే వేళ్ళు... ముసలి వేళ్ళు.”

ఆ మధ్యాహ్నమే, విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని, ప్రొపెల్లర్ విప్పించి కొట్టుకు తీసుకెళ్ళాను. కంటికి కట్టుతో మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. పక్కన కోడలు ఏడుస్తోంది. “ముందుకు తిరిగి ఉంది మామయ్యా, నాకేం తెలుసు?” అంటోంది. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను, నోరు విప్పలేదు. ఆవిడే తిట్లు తింది.

మేస్త్రీ దాన్ని తూచాడు. తొమ్మిదీ మూడొందల యాభై. నాలుగొందల ముప్ఫై గ్రాములు పెరిగింది.

నాలో ఏదో తెగిపోయింది. బల్ల మీది గ్యాస్ మంట వెలిగించి, కరిగించి పారేస్తానని రెక్క మీద పెట్టాను. మేస్త్రీ గావుకేక పెట్టాడు. జేబులోంచి ఎడమ చెయ్యి బయటికొచ్చింది. చివరి రెండు వేళ్ళు లేవు. ఆ ఖాళీని కుడి చేత్తో పట్టుకుని నేల మీద పడి దొర్లుతున్నాడు. అదే క్షణంలో నా ఫోన్ మోగింది. నా భార్య. ఆమె వెనక ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు.

“తమ్ముడికి చెయ్యి కాలుతోందటండీ... లేని చెయ్యి... త్వరగా రండి...”

మంట ఆర్పేశాను. ఫోన్లో అరుపు ఆగింది.

“నాకూ అలాగే తెలిసింది బాబూ,” అన్నాడు మేస్త్రీ నేల మీదే కూర్చుని, గుసగుసగా. “కరిగించలేం. పారెయ్యలేం. దీనికి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళలో ఒకావిడ పోయి ఆరేళ్ళయింది. అయినా పట్టు వదల్లేదు.”

ఇద్దరం దాన్ని గోడవైపు తిప్పి, గొలుసు చుట్టి తాళం వేశాం. తాళంచెవి నా మెడలో వేసుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. పడవ అమ్మేశాం. బామ్మర్ది ఎడమ చేత్తో చిత్రిక పట్టడం నేర్చుకుంటున్నాడు. నా భార్య నాతో మాట్లాడుతుంది గానీ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నిన్న భోజనాల దగ్గర వాడి చేతిలోని చెంచా జారి పడింది.

“బావా,” అన్నాడు నెమ్మదిగా. “ఎవరో కొత్తగా వచ్చారు.”

నా భార్య నా వైపు చూసింది.

“చిన్న చెయ్యి. చాలా చిన్నది బావా. నా చూపుడువేలు పట్టుకుని వదలడం లేదు... ఏడుస్తున్నట్టుంది.”

తింటున్న చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాను. కొట్టులో గొలుసు వేసింది వేసినట్టే ఉంది. తాళం వేసే ఉంది. ప్రొపెల్లర్ గోడవైపే తిరిగి ఉంది, రెక్కల మీద నాలుగు నెలల దుమ్ము చెక్కుచెదరలేదు. అమ్మయ్య అనుకున్నాను. కానీ మేస్త్రీ త్రాసు పక్కన నిలబడి ఉన్నాడు, ఎడమ చెయ్యి పొట్టకు అదుముకుని.

“నాకూ తెలిసింది బాబూ,” అన్నాడు. “దించు. తూద్దాం.”

మెడలోంచి తాళంచెవి తీసి, గొలుసు విప్పి, దుమ్ము చెదరకుండా దాన్ని త్రాసులో పెట్టాను. ముల్లు చాలాసేపు ఊగి నిలబడింది. తొమ్మిదీ నాలుగొందల అరవై.

నూట పది గ్రాములు. గోడవైపు తిరిగి, గొలుసులో కదలకుండానే ఎక్కడో ఓ పసిచేతిని తీసుకుంది.

మేస్త్రీ రేకు గీసే మేకు నాకిచ్చాడు. రేకు మీద చివరి వరసలో ఆ అంకెలు నేనే గీశాను.