రాత్రి పది గంటల మనిషి

ఉదయం పది గంటల ఇరవై రెండు నిమిషాలకు ఫణీంద్ర చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టి, కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. కొత్తరేవు నగరపాలక కార్యాలయం, మూడో అంతస్తు. గదిలో ఒక కొత్త సర్వర్, దాని నుదుట మూడు కుంకుమ బొట్లు, ముందు కొబ్బరికాయ, వెనక పదిహేనుమంది మనుషులు.

కొత్తరేవులో రెండేళ్ల కిందట ప్రతి వీధిదీపం స్తంభానికీ ఒక సెన్సార్ బిగించారు. గ్యాస్ లీకైతే ముందే పసిగట్టడం దాని పని. అరచేతిలో పట్టేంత డబ్బా అది. జనం దాన్ని ముక్కు అన్నారు. ఆ పేరే నిలిచింది. ముక్కులు గ్యాస్‌తో ఆగలేదు. స్తంభం కింద నాలుగడుగుల దూరంలో నిలిచిన ప్రతి వాసననూ అంకెల్లోకి మార్చి, అది వచ్చిన క్షణంతో సహా దాచిపెట్టాయి.

మనిషి ఒంటి వాసన వేలిముద్ర లాంటిదని ఆ ప్రాజెక్టు శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతి చెబుతుంది. సబ్బు, అత్తరు, చెమట పైపై పొరలు. వాటి కింద ఉన్నది మారదు. నగరంలో రెండేళ్లుగా ఎవరు ఎక్కడ నిలబడ్డారో అంతా పోగుపడి ఉంది కానీ, వెతికే దారి లేదు. ఆ దారి కోసం ఆమె ఒక సెర్చ్ ఇంజన్ రాసింది. చొక్కా ముక్క ఒకటి ఇస్తే, ఆ వాసన ఏ స్తంభం దగ్గర, ఎప్పుడు కనిపించిందో చెబుతుంది. తప్పిపోయినవాళ్లను వెతకడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ సాఫ్ట్‌వేర్‌ను లైనక్స్ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయడం ఫణీంద్ర పని. ప్యాకేజీలు దిగాయి. డేటా డిస్కు జతపడింది. పాస్‌వర్డ్ పెట్టాడు. ఇంకా ఒక పేజీ సెట్టింగులు మిగిలి ఉండగా కమిషనర్ వాచీ చూసుకున్నాడు.

"ఎంతసేపయ్యా? పది ముప్ఫై ఒకటి దాటితే వర్జ్యం."

"ఐదు నిమిషాలు సార్. చిన్న చిన్న సెట్టింగులు."

"చిన్నవైతే తర్వాత చేసుకో. మా ఇంట్లో గృహప్రవేశానికి కుళాయిలే పెట్టలేదు, పాలు పొంగించేశాం."

అందరూ నవ్వారు. ఇందుమతి కూడా నవ్వి, "స్టార్ట్ చెయ్యి ఫణీ, ఇండెక్స్ తయారయ్యేలోగా మిగతావి చూసుకుందాం" అంది. ఫణీంద్ర ఎంటర్ నొక్కాడు. కొబ్బరికాయ పగిలింది. తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా పరిగెత్తాయి. తర్వాత లడ్డూలు వచ్చాయి, విలేకరులు వచ్చారు. ఆ పేజీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం నాలుగింటికి రెండేళ్ల వాసనల పట్టిక, ఆ ఇండెక్స్, సిద్ధమైంది. బయట వరసలో మొదట నిలబడ్డది గరికిన పోలమ్మ. ఉప్పుటేటి వీధి. ఆమె పెద్దకొడుకు ఎర్రయ్య ఆరేళ్ల కిందట తుపానులో పడవతో సహా పోయాడు. శవం దొరకలేదు. సముద్రంలో పోయినవాడు ఒడ్డుకు చేరేదాకా ఆఖరున విడిచిన బట్ట ఉతక్కూడదని ఆ వీధి ఆచారం. అందుకే ఎర్రయ్య నీలం చొక్కా ఆమె రేకు పెట్టెలో ప్లాస్టిక్ కవరులో అలాగే ఉండిపోయింది.

ఆమెతో ఇద్దరు వచ్చారు. చిన్నకొడుకు తాతారావు, కోడలు మసేనమ్మ. మసేనమ్మ మొదట ఎర్రయ్య భార్య. అతను పోయిన మూడో ఏట కులపెద్దలు కూర్చుని తాతారావుతో ఆమెకు మారుమనువు చేశారు. ఇప్పుడు వాళ్లకో కూతురు. వద్దు వద్దంటూనే తాతారావు ఆటో మాట్లాడి ఇద్దరినీ తీసుకొచ్చాడు.

ఇందుమతి చొక్కా కాలరు దగ్గర ఒక పోగు కత్తిరించి యంత్రంలో పెట్టింది. తెర మీద నగరం పటం వచ్చింది. ఒకే ఒక్క చోట ఎర్ర చుక్క. ఫణీంద్ర దాన్ని పెద్దది చేశాడు.

"ఉప్పుటేటి వీధి. రావిచెట్టు సందు మొదట్లో స్తంభం."

"అది మా ఇంటెదురే కదా" అంది మసేనమ్మ.

"ఎప్పుడు?" అని అడిగింది ఇందుమతి.

ఫణీంద్ర కిందికి జరుపుతూ పోయాడు. "రాత్రి పది గంటలకు మేడమ్. ఇంచుమించు రోజూ. వచ్చి పావుగంట నిలబడి వెళ్లిపోతున్నాడు. రెండేళ్ల నుంచీ."

పోలమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నా కొడుకు బతికున్నాడా తల్లీ?"

ఇందుమతి వెంటనే అవునని చెప్పలేదు. అలా చెప్పే మనిషి కాదు. "అన్నదమ్ముల వాసనలు చాలా దగ్గరగా ఉంటాయమ్మా. యంత్రం పొరబడొచ్చు." తాతారావు వైపు తిరిగింది. "రాత్రి పదింటికి మీరు ఆ స్తంభం దగ్గర నిలబడతారా?"

"పదింటికా?" తాతారావు తల అడ్డంగా ఊపాడు. "వేకువన్నే సేపల యేటకెళ్లాల మేడమ్. ఎనిమిదింటికే పడుకుండిపోతాను."

"ఆడు పడుకుంటే పిడుగు పడినా లెగడు" అంది పోలమ్మ. మసేనమ్మ అవునన్నట్టు తల దించింది.

"మరి పగలు ఎందుకు కనిపించడు?" అని కమిషనర్ అడిగాడు.

"పగలు ఆ వీధంతా ఎండుచేపలు సార్. ఆ వాసనలో మనిషి వాసన నిలవదు. రాత్రయితేనే తేటగా దొరుకుతుంది" అంది ఇందుమతి.

ఫణీంద్ర ఇంకొకటి చూపించాడు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఒక్కసారి కూడా రాలేదు. రెండేళ్లూ అంతే. "ఆ రెండు నెలలూ ఊళ్లో ఉండడేమో."

"ఎండలకి తాళలేడు నా పెద్దోడు. సిన్నప్పట్నుంచీ అంతే" అంది పోలమ్మ. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది.

తాతారావు తెర వైపే చూస్తున్నాడు. "మేడమ్, అన్న ఇంట్లోకి ఎందుకు రాలేదంటారు?"

ఆ ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబు లేదు. గదిలో ఉన్న అందరి దగ్గరా ఉంది. మసేనమ్మ అతని చెయ్యి అందుకోబోయింది. "మావా..." అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వదిన్ని ఇంటికి తీసుకెళ్లమ్మా" అన్నాడు తల్లితో. మూడేళ్లుగా ఆ నోట వినపడని పిలుపు అది.

ఆ సాయంత్రం తాతారావు పిల్లను ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చి తల్లికి అప్పగించాడు. ఫోను గూట్లో పెట్టాడు. వల చూసొస్తానని వెళ్లాడు. పడవలో తోడు వెళ్లే మనిషితో మాత్రం, "ఇల్లు అన్నది. నేను కాపలా ఉన్నానంతే. ఇంక ఆడు లోపలికి రావచ్చు" అన్నాడట. ఆ మనిషి ఈ మాట మర్నాడు పొద్దున గానీ ఎవరికీ చెప్పలేదు.

రాత్రి పదింటికి వీధంతా మేలుకుని కూర్చుంది. స్తంభం కింద పోలమ్మ చేపల పులుసు, అన్నం మూతపెట్టి ఉంచింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. వల చూసొస్తానన్న తాతారావూ తిరిగి రాలేదు. ఫణీంద్ర సర్వర్‌లో చూశాడు. ఆ రోజు నుంచి ఆ స్తంభం దగ్గర ఆ వాసన పూర్తిగా ఆగిపోయింది.

"వెతుకుతున్నారని తెలిసి మానేశాడు" అంది ఇందుమతి. అది తన యంత్రానికి రుజువని ఆమె అనుకోవడం సహజమే. పత్రికలూ అలాగే రాశాయి. దరఖాస్తుదారుల వరస మెట్లు దిగి వీధిలోకి సాగింది.

తొమ్మిదో రోజున ఒక గ్యాస్ కంపెనీ మనిషి ఫిర్యాదు తెచ్చాడు. ఒక ఇంట్లో లీకు తెల్లవారుజామున మూడు నలభైకి మొదలైందని సర్వర్ చెబుతోంది. ఆ ఇల్లాలు ఒప్పుకోవడం లేదు. తాను పప్పులో తాలింపు వేస్తుండగా వాసన వచ్చింది, అప్పుడు తొమ్మిది పది అయింది, పిల్లల బడి బస్సు అప్పుడే వెళ్లింది అంటోంది.

ఫణీంద్ర టెర్మినల్ తెరిచి సర్వర్‌ను టైము అడిగాడు. ఐదు నలభై రెండు అని వచ్చింది. గోడ గడియారం వైపు చూశాడు. పదకొండు పన్నెండు.

కొత్తగా పెట్టిన లైనక్స్ సర్వర్‌కు ఏ దేశంలో ఉందో మనం చెప్పాలి. చెప్పకపోతే గ్రీనిచ్ కాలంతో నడుస్తుంది. అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. చెప్పాల్సిన లైను, వర్జ్యం భయంతో వదిలేసిన ఆ పేజీలో ఉంది. ఫణీంద్ర ఆ లైను రాశాడు. రాయడానికి అర నిమిషం పట్టింది. తర్వాత ఉప్పుటేటి వీధి స్తంభాన్ని తెరిచాడు. రాత్రి పది గంటలన్నీ తెల్లవారుజాము మూడున్నరలయ్యాయి.

మూడున్నరకు తాతారావు ఇంట్లోంచి వచ్చి, తోటివాళ్లు వచ్చేదాకా ఆ స్తంభం కింద బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు. అది వీధిలో అందరికీ తెలుసు. రోజూ అక్కడ నిలబడే మనిషి వాసన ఆ వేళకు ఎందుకు లేదని ఆ రోజు గదిలో ఎవరూ అడగలేదు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపల వేట నిషేధమని, పడవ కదలదని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. అదీ ఎవరికీ తట్టలేదు. తట్టవలసిన ముగ్గురిలో ఒకామె ఆనందంలో ఉంది, ఒకామె భయంలో ఉంది, తాతారావుకి అన్న తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఇందుమతి, ఫణీంద్ర కలిసి ఆ ఇంటికి వెళ్లారు. ఇందుమతే చెప్పింది, సూటిగా. పోలమ్మ అంతా విని, "అంటే పెద్దోడు లేడు" అంది.

"లేడమ్మా."

"సిన్నోణ్ణి పంపేశాను."

ఇందుమతి ఆమె పక్కన కూర్చుంది. "తాతారావు బట్ట ఏదైనా ఇవ్వండి, వెతుకుతాం. ఉతకనిది" అంది.

మసేనమ్మ గోడకు జారగిలబడింది. "ఒక్కటీ నేదు మేడమ్. ఆయనొచ్చి ఇంట్లో తమ్ముడి బట్టలు సూత్తే ఏటనుకుంటాడోనని అన్నీ ఉడకబెట్టి ఉతికేశాను. దుప్పట్లు కూడా."

పోలమ్మ లేచి రేకు పెట్టె తెరిచింది. నీలం చొక్కా తీసి ఇందుమతి చేతిలో పెట్టింది.

"అన్నదమ్ముల వాసన ఒక్కలాగే ఉంటాదన్నావు కదా తల్లీ. దీంతోనే వెతుకు."

వెతికారు. ఈసారి రెండో ఎర్ర చుక్క ఒకటి బస్‌స్టాండు దగ్గర వెలిగింది. తాతారావు వెళ్లిన రోజు సాయంత్రం ఏడు యాభై, దూరప్రాంతాల బస్సులు ఆగే చోటు స్తంభం. గడియారం ఇప్పుడు సరిగానే ఉంది. ఆ తర్వాత చుక్కలు లేవు. కొత్తరేవు దాటితే ఏ ఊళ్లోనూ ముక్కులు లేవు.