గొడుగురాయి దగ్గర హారన్

కొండ మీది పార్కుకు వెళ్ళే దారిలో గొడుగురాయి మలుపంటే పగలే గుండె జారుతుంది. రాత్రిపూట అక్కడ కనపడని వాహనమేదో హారన్ కొడుతుందని చెప్పుకుంటారు. నవ్వకండి, నేనూ నవ్వినవాడినే.

అసలక్కడ ఇప్పుడు రాయే లేదు. ఒకప్పుడు ఇల్లంత రాయి రోడ్డు మీదికి గొడుగులా వంగి ఉండేది. మంచు కమ్మితే డ్రైవర్లు హారన్ కొట్టేవాళ్ళు... ఆ చప్పుడు రాయికి తగిలి వెనక్కి వచ్చిందంటే మలుపు వచ్చేసినట్టే. పెద్ద బస్సులు పట్టడం లేదని పార్కువాళ్ళు దాన్ని మందు పెట్టి పేల్పించారు. ఆ చలికాలమే ఓ జీపు లోయలో పడింది. హారన్ భయం ఆ తర్వాతే మొదలైంది.

మా బావ ఆ పార్కులో చెత్త వ్యాను డ్రైవరు. అక్కా, వాళ్ళ చంటిదీ, ఆయనా పైన క్వార్టర్స్‌లోనే ఉంటారు. ఓ రాత్రి పిల్లకు ఆయాసం ఎగదన్నింది. పెదాలు నీలంగా మారిపోయాయి. ఆస్పత్రేమో కొండ కింద!

పిల్లను వ్యానులో వేసుకుని బయల్దేరారు. దారంతా మంచు. మెల్లగా వెళ్తే పిల్ల దక్కదు, తొందరపడితే ముగ్గురూ దక్కరు. బావ ఏడుస్తూనే స్టీరింగు తిప్పుతున్నాడు.

"ఏవండీ... ఊపిరి ఆగి ఆగి వస్తోంది," అంది అక్క.

అంతే, ఆయనకు మతి పోయింది. వేగం పెంచేశాడు. పాత అలవాటు కొద్దీ హారన్ కొట్టాడు—

ఎదురుగా హారన్ మోగింది.

రాయి లేదు. ఏ లైట్లూ లేవు. మళ్ళీ కొట్టాడు... మళ్ళీ బదులొచ్చింది, ఈసారి మరీ దగ్గర్లో!

భయంతో బ్రేకు మీద నిలబడిపోయాడు. వ్యాను సరిగ్గా లోయ అంచున ఆగింది.

మంచులోంచి ఓ ముసలాయన వచ్చాడు. చేతిలో రబ్బరు బుడ్డి హారన్. బావ మొదట ఆయన పాదాలే చూశాడట... వెనక్కి తిరిగి లేవు.

"ఎ... ఎవరు నువ్వు?"

"ఆ రాయికి మందు పెట్టింది నేనే, బాబూ. జీపులో పోయింది నా కొడుకు. వాడూ ఇక్కడ హారన్ కొట్టే ఉంటాడు... బదులు రాలేదు."

ఆయనే దగ్గరుండి వ్యాను వెనక్కి తీయించి దారిలో పెట్టాడు. ఆస్పత్రిలో పిల్లకు తెల్లారేసరికి గండం గడిచింది.

సాయంత్రం బావ దుప్పటి పట్టుకుని మలుపు దగ్గరికి వెళ్ళాడు. "మా పిల్లను బతికించారు పెద్దాయనా. ఈ చలిలో చచ్చిపోతారు, మా ఇంటికి వచ్చేయండి," అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ముసలాయన లోయలోకే చూస్తూ గుసగుసగా అన్నాడు...

"రాలేను, బాబూ. మావాడు ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు."