బూట్ మెనూలో మూడో వరుస

"సార్, మా లినక్స్‌ను యాడ దాచిపెట్టినారు?"

తలుపు దగ్గర నిలబడి అడిగిన అమ్మాయి చేతిలో చాక్‌పీసు ఉంది. చూపులో మాత్రం కడప ఎండంతా ఉంది. రాజశేఖర్ పాఠం మధ్యలో ఆగిపోయాడు. కాలేజీలో చేరి వారం కూడా కాలేదు, అప్పుడే ఎవరితోనో తగువు.

"దాచడమేంది మేడం? ఉండాది కదా, రెండో వరుసలో."

"మొన్నటిదాకా పైన ఉండె. ఎవరు దించినారు?"

"నేనే దించినా. పైన ఉంటే నా క్లాసు సాగడంల్యా."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వాళ్ల వైపు ఒక్క చూపు చూసి, "మంచిది సార్" అని వెళ్లిపోయింది. ఆ 'మంచిది'లో మంచి ఏమాత్రం లేదని రాజశేఖర్‌కు వెంటనే అర్థమైంది.

ఆమె కృపారాణి. బీఎస్సీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతుంది. అతను బీకాం పిల్లలకు కంప్యూటర్ అకౌంట్స్ చెబుతాడు. కాలేజీ మొత్తానికి ల్యాబ్ ఒక్కటే. అందుకని ప్రతి కంప్యూటర్‌లోనూ అతనికి కావలసిన విండోస్, ఆమెకు కావలసిన లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వేసి ఉంచారు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు వరుసల మెనూ వస్తుంది. కావలసింది ఎంచుకోవాలి. పది సెకన్లలో ఎవరూ ఏదీ నొక్కకపోతే పై వరుసలో ఉన్నది తనంతట తానే తెరుచుకుంటుంది.

బీకాం పిల్లలు స్విచ్ వేసి కబుర్లలో పడతారు. ఆ పది సెకన్లూ అయిపోయి లినక్స్ తెరుచుకుంటుంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఉన్నదేమో విండోస్‌లో. మళ్లీ ఆపి, మళ్లీ ఆన్ చేసేసరికి సగం పీరియడ్ గోవిందా. అందుకే రాజశేఖర్ ఒక స్నేహితుడిని ఫోన్‌లో అడిగి తెలుసుకుని, ఒక్కో కంప్యూటర్ దగ్గరా కూర్చుని విండోస్‌ను పైకి ఎక్కించాడు. నడుము పట్టేసినా గెలిచాననుకున్నాడు.

మర్నాడు చూస్తే లినక్స్ మళ్లీ పైన ఉంది. అంతేకాదు, విండోస్ అన్న పేరు పోయి, ఆ వరుసలో 'కామర్స్ సార్ గారు ఇది నొక్కవలెను' అని ఉంది. ఆ తెర మీద తెలుగు లిపి సరిగ్గా రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు.

అతను ఊరుకుంటాడా? లినక్స్ వరుసను 'కోపం ఎక్కువ ఉన్నవారికి' అని మార్చాడు. ఆమె బదులుగా 'కోపం తెప్పించేవారికి' అని ఇంకోటి పెట్టింది. ఇద్దరూ ఎదురుపడితే 'గుడ్ మార్నింగ్ మేడం', 'గుడ్ మార్నింగ్ సార్' తప్ప మాట ఉండదు. మాటలన్నీ మెనూలోనే. రాను రాను రాజశేఖర్ పొద్దున్నే ల్యాబ్‌కు వచ్చేది పాఠం కోసం కాదు, ఈరోజు ఏం రాసిందో చూడటానికి.

చివరికి సంగతి ప్రిన్సిపాల్ చెవిన పడింది. "చిన్నపిల్లోల్లా మీరు? సోమవారానికల్లా ఇద్దరూ తేల్చుకోండి" అని గట్టిగా చివాట్లు పెట్టాడు.

సోమవారం పొద్దున రాజశేఖర్ క్లాసులో విండోస్ పైన ఉంది. పాపం, తగ్గిపోయిందే అనుకున్నాడు. ఎందుకో ఆ గెలుపు రుచించలేదు. మధ్యాహ్నం ల్యాబ్ ముందు నుంచి వెళ్తూ తొంగి చూస్తే లినక్స్ పైన ఉంది. తికమకపడి లోపలికి వెళ్లాడు.

"మేడం, పొద్దున నాది పైన ఉండె."

"ఉండాల. పొద్దున మీ క్లాసు కదా."

"ఇప్పుడు మీది ఉండాది."

"ఇప్పుడు నా క్లాసు."

"అంటే... ఎవరు మార్చినారు?"

"ఎవురూ మార్చల్యా సార్. మెనూనే వారం, గంట చూసుకుంటాది. ఎవరి పీరియడ్ అయితే వాళ్లది పైకి తెచ్చుకుంటాది."

రాజశేఖర్ నోరు తెరిచాడు. "మెనూకు టైమ్‌టేబుల్ తెలుసునా?"

"నేర్పించినా" అంది కృపారాణి, చిన్నగా నవ్వుతూ. అతను ఆ నవ్వు చూడటం అదే మొదటిసారి. మనసు అక్కడికక్కడే చేజారిపోయింది.

ఆమె స్థానంలో తను ఉంటే ఏం చేసేవాడు? తన వరుస మాత్రమే పైకి తెచ్చుకునేవాడు. ఆమె ఎదుటివాడి క్లాసు గురించి కూడా కూర్చుని ఆలోచించింది. వాదించలేదు, ఫిర్యాదు చేయలేదు, ఇద్దరికీ సరిపోయే దారి కనిపెట్టింది. తనతో తగువు పెట్టుకున్న మనిషికి ఇంత మేలు చేసేవాళ్లను రాజశేఖర్ చూడలేదు.

"ఈ ఆలోచన యాడనుంచి వచ్చింది మేడం?"

"మాది కోసిగి సార్. వానల్లేకపోతే మా నాయనోల్లు మిరపకోతలకని దూరం పోతారు. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నా. ఇంటికి పోవాలంటే ఎప్పుడు పోతే ఎవరుంటారో చూసుకొని పోవాల. టైమ్‌టేబుల్ నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు."

ఆమె మామూలుగానే చెప్పింది.

ఆ తర్వాత స్నేహం కుదిరింది. మెనూలో వేళాకోళం మానలేదు కానీ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు ఒకే బల్ల మీదికి చేరాయి. ఆమె పాఠం చెబుతుంటే అతను కిటికీ బయట నిలబడి వినేవాడు. ఎంత మొద్దు ప్రశ్న అడిగినా ఆమె విసుక్కోదు. పిల్లవాడికి అర్థమయ్యేదాకా కొత్త కొత్తగా చెబుతూనే ఉంటుంది. మనసులో మాట చెప్పబోతే మాత్రం రాజశేఖర్ నాలుక మొరాయించేది.

ప్రాక్టికల్ పరీక్షలు వచ్చేశాయి. కృపారాణిది కాంట్రాక్టు ఉద్యోగం. పొడిగించేదీ లేనిదీ పరీక్షలయ్యాక ప్రిన్సిపాల్ చెబుతాడు. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని రాజశేఖర్ పరీక్షకు ముందు రోజు సాయంత్రం ధైర్యం తెచ్చుకుని, కిటికీ పక్కన ఆమె కూర్చునే కంప్యూటర్‌లో మూడో వరుస చేర్చాడు: 'కృపారాణి గారూ, మీరంటే నాకు శానా ఇష్టం. రాజశేఖర్.' పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఆన్ చేసేది ఆమే. ఆమె ఒక్కతే చూస్తుంది.

అతనికి తెలియనిది ఒకటుంది. టైమ్‌టేబుల్ మెనూ తయారుచేసిన రోజే, అన్ని కంప్యూటర్లనూ విడివిడిగా దిద్దే బాధ లేకుండా ఆమె ఒక ఏర్పాటు చేసింది. లినక్స్ తెరుచుకున్న ప్రతిసారీ ప్రతి కంప్యూటరూ కిటికీ పక్కదాని మెనూను తనలోకి దించుకుంటుంది. అటెండర్ తిమ్మయ్య ఆ సాయంత్రమే, పరీక్షకు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదోనని, ల్యాబ్ మొత్తం ఆన్ చేసి, అన్నింట్లో లినక్స్ తెరుచుకున్నాక ఆపేశాడు.

పొద్దున రాజశేఖర్ వచ్చేసరికి కృపారాణి ల్యాబ్ మధ్యలో నిలబడి ఉంది. చుట్టూ ఆమె మీట నొక్కి మెనూ దగ్గరే ఆపి ఉంచిన ఏ తెర చూసినా అదే వాక్యం.

"సార్" అంది ఆమె మెల్లగా. "ఇది మీరేనా?"

"నీ దాంట్లో మాత్రమే రాసినా... మీ దాంట్లో... మేడం, దేవుని తోడు!"

బయట పిల్లల గోల. ప్రిన్సిపాల్ కంట పడితే ఆమె ఉద్యోగం గురించి ఏమంటాడోనని రాజశేఖర్ గబుక్కున తలుపు మూసి గడియ పెట్టాడు. తన ఇష్టం ఆమె అన్నానికి అడ్డొస్తే ఇక ఆ ముఖం చూడగలడా?

అదృష్టం, తెల్లవారినప్పటి నుంచి వాన కుమ్ముతోంది. పరీక్ష జరిపించడానికి రావలసిన హనుమంతమ్మ గారి ఆటో దారిలో నీళ్లలో ఆగిపోయిందట.

"తప్పంతా నాదే. ప్రిన్సిపాల్‌కు నేనే పోయి చెప్తా" అన్నాడు.

"ఎవరికీ ఏమీ చెప్పద్దు. అన్నింట్లో లినక్స్ నొక్కుకుంటా పో. బిరీన!"

ఆమె తన కంప్యూటర్‌లో ఆ వరుస తీసేసింది. అతను బల్లల మధ్య పరుగెత్తుతూ ఒక్కో కంప్యూటర్‌నూ తెరిచాడు. మెనూలన్నీ మళ్లీ దిద్దుకున్నాయి. ఆమె ఎక్కడా తడబడలేదు. అంత కంగారులోనూ రాజశేఖర్ ఆమెనే చూస్తూ కుర్చీకి తగులుకుని పడబోయాడు.

"నన్ను తర్వాత చూడచ్చు. ముందు తెర చూడు" అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆ పరుగులో అతను గమనించనే లేదు.

తలుపు తెరిచారు. తడిసిన కొంగు పిండుకుంటూ హనుమంతమ్మ గారు వచ్చి, మూలన ఆపేసి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని స్విచ్ వేశారు. ఆ మూలదాన్ని ఇద్దరూ మరిచిపోయారు.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని తెరను ఆసాంతం చదివారు.

"విండోస్ తెలుసు, లినక్స్ తెలుసు. ఈ మూడోది ఎప్పుడొచ్చిందమ్మా?"

కృపారాణి తల దించుకుంది. రాజశేఖర్ ముందుకు వచ్చాడు. "తప్పు నాది మేడం. ఆమెకేం తెలీదు."

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనే ఆ కంప్యూటర్ ఆపేశారు. "ఇది పనిచేయడంల్యా. నాకు ఇంగోటి చూపించప్పా" అన్నారు. పరీక్ష ముగిసి వెళ్లేటప్పుడు మాత్రం, ల్యాబ్ ఇంత చక్కగా ఉంచుకున్న మనిషిని వదులుకోవద్దని ప్రిన్సిపాల్‌తో అందరి ముందూ చెప్పారు.

కృపారాణి మాత్రం ఆ రోజంతా రాజశేఖర్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు. అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు ఖాళీ ల్యాబ్‌లో తను రోజూ కూర్చునే కంప్యూటర్ ఆన్ చేశాడు. మెనూలో మూడు వరుసలున్నాయి. మూడోది: 'కోసిగి. ఆదివారం చర్చి అయినాక మా నాయన ఇంట్లోనే ఉంటాడు.'

అతను మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. పది సెకన్లు దాటాయి. ఏదీ తెరుచుకోలేదు. లెక్కింపే లేదు. అతను నొక్కేదాకా ఆ మెనూ అలాగే ఆగి ఉంది.

"మీ ఇంట్లో ఏమంటారు?" వెనక నుంచి కృపారాణి గొంతు.

"మా అమ్మతో ఎప్పుడో చెప్పినా. వాళ్ల చర్చిలో చెప్పులిడిసి పోవాల్నా అని అడిగింది. కొత్త చీర గూడా తీసి పెట్టుకుంది."

ఆమె పకపకా నవ్వింది. "మా నాయన సోమవారం కోతలకు పోతాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో."

రాజశేఖర్ మూడో వరుస నొక్కాడు. వెంటనే తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగింది. అతను గాభరాగా వెనక్కి తిరిగాడు.

"చెడిపోయిందా?"

"ల్యా. అది నొక్కితే ఆఫ్ అయ్యేట్టు నేనే పెట్టినా" అంది కృపారాణి. "ఇంగా ఈడ కూచుని ఏం చేస్తావు? లెయ్, అత్తమ్మకు గూడా టికెట్ తియ్యి."