మూడో గదిలో ఉక్క

ఇస్తారి వచ్చేసరికి కొండల్‌రావు భోజనం ముగించాడు. ముగించాడనడమే గానీ, మెస్ నుంచి వచ్చిన క్యారియర్‌లో సగానికి సగం అలాగే ఉంది. భార్య పోయిన పదకొండేళ్లుగా ఆయన తిండి ఇంతే. తినేటప్పుడు ఎవరైనా పలకరిస్తే చిరాకు. అందుకే సహాయకుడు లింగమూర్తి తన టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లమీద కూర్చుని తినేవాడు. కరీంనగర్ బస్టాండు వెనక మేడమీది ఆ డిటెక్టివ్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా అదే పద్ధతి.

ఇస్తారి చెప్పులు విడిచి గడప బయటే నిలబడిపోయాడు. నలభై ఏళ్ల మనిషి.

"లోపలికి రా. ఏం పోయింది?" అన్నాడు కొండల్‌రావు.

"ఇంక పోలే సార్. శనివారం పోతది. నా పేరు."

మాట వినగానే లింగమూర్తి నోట్‌బుక్కు తెరిచాడు.

"ఆసిఫాబాద్ దిక్కు ఓ దవాఖానల వంటజేస్త సార్. ఆడ ఉండేటోళ్ల బువ్వ దొంగతనంగ తింటున్ననంటున్నరు. శనివారం హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టర్లు వస్తరట. గంతల దొంగ ఎవలో తేలకపోతే నన్ను ఎల్లగొడ్తరు. ఆడోళ్ల నోటికాడి కూడు దిన్నోడని పేరు వడ్డంక, నా చేతి వంట ఇంకెవలు తింటరు?"

విషయం ఇదీ. బొగ్గుగనుల దగ్గర ఒక ధర్మసంస్థ కొత్తగా కట్టిన దవాఖానలో డాక్టర్ సరళాదేవి పరిశోధన చేస్తోంది. గని మీద పనిచేసే ఆడమనిషికి రోజుకు ఎంత తిండి కావాలో తేల్చాలని ఆమె పట్టుదల. ముగ్గురు ఆడకూలీలు ఇష్టపడి వచ్చి మూడు గదుల్లో ఉంటున్నారు. తిండి తూస్తారు, పొద్దున్నే మనిషినీ తూస్తారు. ఇద్దరి బరువు నిలకడగా ఉంది. మూడో గదిలోని అనసూర్య మాత్రం నెలలో మూడు కిలోలు తగ్గింది. ఆమె పళ్లెం రోజూ ఖాళీగానే వస్తోంది మరి. పళ్లెం తూచేది డాక్టరమ్మ, గదికి మోసేది ఇస్తారి. తిన్నాడంటే మధ్యలో వసారాలోనే తిని ఉండాలని అందరి అనుమానం.

"నువ్వు తిన్నవా?" అడిగాడు కొండల్‌రావు.

"నా బిడ్డల మీద ఒట్టు, లేదు సార్."

"అయితే పొద్దున పెద్దపల్లిల రైలెక్కుదాం."

అది 1984 మే నెల. రైలు దిగేసరికి ఎండ చర్మం ఒలుస్తోంది. దవాఖానలో అడుగుపెట్టగానే లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. మందపాటి మట్టి ఇటుకల గోడలు, మధ్యలో పైకప్పు లేని పెద్ద వాకిలి, ఎక్కడా ఒక్క ఫ్యాను లేదు. అయినా చల్లగా ఉంది.

ఆ భవనం కట్టిన ఇంజనీరు శ్రీధర్‌రావు తన బిడ్డను చూపించుకున్నంత మురిపెంగా తిప్పి చూపించాడు. "కరెంటు పోయినా రోగికి ఫికర్ లేదు. చూడుండ్రి, ప్రతి గదికి వాకిలి దిక్కు గోడల, నేలకు జానెడు ఎత్తుల ఓ కంత. వాకిట్ల సల్లగాలి దాంట్లకెళ్లి లోపలికొస్తది. వేడిగాలి పైకంతలకెళ్లి పోతది. కింది కంత మూసుకపోతే మాత్రం గది ఉడుకుతది."

"మూడో గది గూడ గిట్లనే సల్లగుంటదా?" అడిగాడు కొండల్‌రావు.

ఇంజనీరు ముఖం వాడిపోయింది. "గదే నా పరేషాన్. ఆ ఒక్క గదిల ఉక్క ఎక్కువ. అనసూర్య బక్కచిక్కింది గందుకేనేమో. ఇస్తారి దొంగ కాకుంటే దొంగ నా గోడనే సార్."

ప్రతి గదిలో వేడి గంటగంటకూ రాసిన కాగితాలు ఆయన దగ్గర ఉన్నాయి. కొండల్‌రావు వాటి మీద వేలు పెట్టి లింగమూర్తికి చూపించాడు. మూడో గదిలో పన్నెండింటికి మిగతా గదుల్లో ఉన్నంతే. ఒంటిగంటకు రెండు డిగ్రీలు ఎక్కువ. రెండింటికి మళ్లీ మామూలు. సాయంత్రం ఏడింటికి మళ్లీ ఎక్కువ, ఎనిమిదింటికి మామూలు. నెలంతా ఇదే వరస. లింగమూర్తి అంతా నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"తిండి ఎప్పుడు పెడ్తరమ్మా?" అని సరళాదేవిని అడిగాడు కొండల్‌రావు.

"పన్నెండున్నరకు, మళ్ల ఆరున్నరకు. రెండు పూటల జొన్నరొట్టె, కూర. ఒకరిది ఒకరు తింటే లెక్క చెడిపోతది కదా, అందుకే ఎవరి గదిలో వాళ్లను కూర్చోబెట్టి తలుపులు మూస్తం. పంచుకుంటే ఇంటికి పంపిస్తమని ముందే చెప్పినం."

"మీరు ఎక్కడ తింటరు?"

ఆమె ఆ ప్రశ్న ఊహించలేదు. "నా గదిలనే, ఒక్కదాన్నే," అంది నెమ్మదిగా.

మొదటి గదిలోని రాజక్క గలగలా మాట్లాడే మనిషి. "బొగ్గుబాయి మీద పదిమందిమి సద్దులిప్పి గుండ్రంగ కూసునేటోళ్లం సార్. అనసూర్యయితే పక్కదానికి సగం పెట్టందే బుక్క ముట్టకపోయేది. ఇప్పుడు గోడను సూసుకుంట తింటున్నం. ఏం జేస్తం!"

అనసూర్య మాత్రం నాలుగు మాటలకు మించి పలకలేదు. కడుపు నిండుతోందా అంటే నిండుతోంది అంది. గది ఉక్కగా లేదూ అంటే, "లే సార్, మంచిగున్నది, నన్ను మార్చకుండ్రి," అంది తొందర తొందరగా.

బయట వాకిట్లో ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తోంది. నల్లచీర వీపు మీద చెయ్యి వెడల్పున తెల్లటి సున్నం మరక. గోడలకు సున్నం వేసి వారమే అయింది.

"బుచ్చవ్వ. పెద్దవార్డు రోగి," అంది సరళాదేవి. "ఎవ్వరూ లేరు. గంజి పోస్తే ముఖం తిప్పుకునేది. బతుకదనుకున్నం గానీ, ఈ నెలల ఎట్లనో తేరుకుంది."

కొండల్‌రావు ఆ సున్నం మరక వంక చాలాసేపు చూశాడు.

శుక్రవారం పొద్దున అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు. ఇస్తారి స్తంభానికి ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"ఇస్తారి తినలేదు. గోడ తప్పు గూడ లేదు," అన్నాడు కొండల్‌రావు. "గోడ చెడ్డదైతే గది దినమంత ఉడకాలె. ఇది రెండు పూటల, తిండి టైముకే ఉడుకుతున్నది. అంటే ఆ టైముకు ఎవరో కింది కంతను మూస్తున్నరు. రాయి పెట్టి కాదు, వీపు పెట్టి. కొత్త సున్నం అంటిన వీపు ఇక్కడ ఒక్కటే ఉన్నది. గంజి ముట్టని ముసలమ్మ తేరుకున్నదీ ఈ నెలలనే, అనసూర్య చిక్కిందీ ఈ నెలలనే. మడిచిన రొట్టె ఆ కంతల మంచిగ పడ్తది. నేను పెట్టి చూసిన."

బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కంటే ముందు అనసూర్య లేచింది.

"నేనే ఇచ్చిన సార్. నా పెనిమిటి బాయిల పడి సచ్చిపోయినంక ఇంట్ల నేనొక్కదాన్నే. బాయి మీద నలుగురితోని తిన్నదే నాకు తిండి. ఈడ తలుపు మూసినంక పళ్లెం ముంగట ఏడుపొచ్చేది. ఒకనాడు కంతల దగ్గు ఇనవడ్డది. తిన్నవా అవ్వా అన్న. ఎవలతోని తినాలె బిడ్డా అన్నది. ఇగ నా చెయ్యి ఆగలే. అవ్వ అటు, నేను ఇటు, గోడకు ఆనుకొని ముచ్చట వెట్టుకుంట తిన్నం."

"ఇస్తారిని దొంగ అంటుంటె ఎట్ల ఊకున్నవు?" అంది సరళాదేవి.

"నాకెవలు చెప్పిండ్రమ్మా? తలుపు మూసే ఉండె." ఆమె ఇస్తారి వైపు తిరిగి చేతులు జోడించింది. "అన్నా, నీ పేరు ఖరాబు చేసిన. ఏమన్న అను."

ఇస్తారి ముఖం గోడవైపు తిప్పుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఊపిరాడక కొట్టుకున్న మనిషికి గాలి తగిలినట్టయింది.

సరళాదేవి చేతిలోని కాగితాలు మడిచింది. నెల రోజుల శ్రమ పోయినందుకు బాధ లేదంటే అబద్ధం. ఆ లెక్క అలాగే బయటికి పోయి ఉంటే, ఇద్దరు తిన్న తిండిని ఒకరికే కావాల్సిన తిండిగా లోకానికి చెప్పి ఉండేది.

"ఇస్తారీ, నిన్ను అనుమానించిన. నాది తప్పు," అంది. "రేపు పెద్ద డాక్టర్లకు నేనే చెప్త. లెక్క మళ్ల మొదటి దినం నుంచి మొదలుపెడ్త. ఎవరి పళ్లెం వాళ్లకు తూచి పెట్టు, కానీ అందరికీ ఈ వాకిట్లనే. బుచ్చవ్వకు వేరే పళ్లెం. నాకూ ఒకటి పెట్టు."

ఆ పూట ఇస్తారి అందరికీ జొన్నరొట్టెలు కాల్చాడు. ఒక్కొక్కటి పెనం మీంచి తెచ్చి వేస్తూ, తినేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఇంజనీరు మూడో గది కంత దగ్గరే కూర్చుని తిన్నాడు. కొండల్‌రావు మూడో రొట్టె కూడా తింటుంటే లింగమూర్తి కళ్లు పెద్దవి చేశాడు గానీ, ఆ సంగతి నోట్‌బుక్కులో రాయలేదు.

సోమవారం కరీంనగర్‌లో మెస్ క్యారియర్ ఎప్పటిలాగే వచ్చింది. లింగమూర్తి ఎప్పటిలాగే తన డబ్బా తీసుకుని మెట్లవైపు నడిచాడు.

"లింగమూర్తీ," అని పిలిచాడు కొండల్‌రావు. క్యారియర్ మూత ఇంకా తియ్యలేదు. బల్ల మీది కాగితాలు ఒక పక్కకు జరిపి ఉన్నాయి, ఎదురుగా కుర్చీ వేసి ఉంది.

"ఇవాళ ఏం కూర తెచ్చినవు?"