ఏడు కిలోల్లో అమ్మ

పొద్దున మిసో పులుసు చల్లారిపోయినా షూజో గిన్నె ముట్టలేదు. భార్య తొషియె పోయాక ఆయన ఒక్కసారీ ఏడవలేదు. పెడితే తిన్నాడు, చెబితే పడుకున్నాడు. రేపు నలభైతొమ్మిదో రోజు కర్మ. అస్థికలను నాగసాకిలోని కుటుంబ సమాధికి చేర్చాలి. విమానం ఇవాళ మధ్యాహ్నమే.

కూతురు మినేకో కొత్త చక్రాల పెట్టె తెరిచి, తెల్లగుడ్డ చుట్టిన కలశాన్ని అందులో పెట్టింది. మూత పడలేదు. టోక్యో వైపు అస్థికలన్నీ ఒక్క కలశంలోనే ఉంచుతారు. అది పెద్దదే అవుతుంది.

"పక్కకు పడుకోబెట్టి చూస్తా."

"మీ అమ్మనా?"

"కొలతలు చూసే కొన్నాను నాన్నా. క్యాబిన్‌లోకి పనికొస్తుందన్నారు."

"పెట్టె పనికొస్తుంది. మీ అమ్మే పనికిరావట్లేదు."

"అలా అనకు!" మినేకో గొంతు పెరిగింది. "మనిషికి ఏడు కిలోలే. ఈ పెట్టే మూడున్నర, అమ్మ నాలుగు. బంధువులకిచ్చే కానుకలతో నా సంచి నిండిపోయింది. నీ నల్ల సూటు ఎక్కడ పెట్టను?"

"ఒంటిమీద వేసుకొస్తా. అమ్మను చేతుల్లో పట్టుకుంటా."

"చేతుల్లో ఉన్నా లెక్కలోకే వస్తుంది! సర్దడం నేనే, అందర్నీ పిలవడం నేనే, ఏడవడం కూడా నేనేనా?"

షూజో లేచి, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నీలం గుడ్డసంచి తెచ్చాడు. ఏ ప్రయాణానికైనా తొషియె భుజాన అదే ఉండేది. కలశం అందులో నిటారుగా దిగింది. విమానంలో ముందు సీటు కింద కూడా పట్టేస్తుంది.

మినేకో తూచి చూసింది. "సూటుకూ చోటుంది." ఆమె గొంతు తగ్గింది. "ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు ముచ్చటపడి పెట్టె కొన్నావు కదమ్మా."

పక్కజేబు దులుపుతుంటే ఆమె వేళ్లకు ఏదో తగిలింది. కాగితం అతుక్కుపోయిన చప్పరించే బిళ్ల.

"అది నాదే," అన్నాడు షూజో. "విమానం లేచేటప్పుడు నాకు చెవులు మూసుకుపోతాయి. మీ అమ్మ అడక్కుండానే చేతిలో పెట్టేది."

అలవాటుగా చెయ్యి చాచాడు. ఖాళీ అరచేయి అలాగే ఉండిపోయింది. మినేకో బిళ్లను అందులో పెట్టి, తండ్రి వేళ్లు మూసింది.

"ఇప్పుడే తినెయ్యకు నాన్నా. విమానంలో."

సరేననబోయాడు. మాటకు బదులు ఏడుపు వచ్చింది.