తోడుగొంతు

సముద్రం మీద గాలి హోరుమంటోంది. గాలిమర శిఖరాన బోల్టులు బిగిస్తున్న సత్యవేణి పానా ఆపి చెవి ఒగ్గింది. యంత్రపు గదికి అవతలి పక్క నుంచి నూకరాజు రొప్పు వినిపిస్తోంది.

“నా వల్ల కాదు సత్యవేణీ. కాళ్లు వణికిపోతన్నాయి.”

“కిందికి చూడకు. నేనొస్తన్నాను, అక్కడే ఉండు.”

ఆమె పాకుతూ వెళ్లింది. ఎదురుగాలికి కళ్లు మండాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. కానీ ఆమె ఉన్నది కాకినాడ సంసిద్ధతా కేంద్రంలో, ఒక కుర్చీలో, తలకు అనుభవ శిరస్త్రాణం తగిలించుకుని.

ఆ కాలంలో చదువైన పిల్లలెవరూ పని నేర్చుకోవడానికి ఏ కార్ఖానాకీ, ఆసుపత్రికీ వెళ్లడం లేదు. ఏళ్ల మీద రావలసిన అనుభవాన్ని శిరస్త్రాణమే కొద్ది నెలల్లో ఒంటికి పట్టించేస్తుంది. నర్సులైనా, వంటవాళ్లైనా, సముద్రపు గాలిమరలు బాగుచేసేవాళ్లైనా అందులోంచి రావలసినవాళ్లే. శిక్షణ జంటలుగా సాగుతుంది. సత్యవేణి జంట నూకరాజు. తుని కేంద్రంలో ఉన్నాడని చెప్పారు.

రోజూ పని ముగిశాక శిరస్త్రాణం తీసేలోపు ఇద్దరూ కాసేపు మాట్లాడుకునేవారు. తన నాన్న కొబ్బరిచెట్టు మీంచి జారి పడిపోవడం తన కళ్లతో చూశానని, ఇప్పటికీ ఎత్తు ఎక్కాలంటే భయమని ఆమె అతనికే చెప్పింది. అమ్మకు కూడా చెప్పని మాట అది.

“మరి నాకెలా ధైర్యం చెప్తన్నావు?” అన్నాడతను.

“నీకు చెప్తంటే నాకూ వస్తంది.”

చివరి పరీక్ష నాటికి నూకరాజు ఇంకా తడబడుతూనే ఉన్నాడు. జంటలో నెగ్గినవాళ్లు ముందుగా వెళ్లిపోవచ్చునన్నారు. సత్యవేణి వెళ్లలేదు. ఇంటికి దగ్గరలో దొరికిన ఉద్యోగం వదులుకుని, అతనితోపాటు తరవాతి బృందంలో ఆగిపోయింది. “ఎవడో ముక్కూ మొహం తెలీనోడి కోసమా!” అని తల్లి కొన్నాళ్లు మాట్లాడలేదు.

పట్టాలిచ్చే రోజున అన్ని కేంద్రాలవాళ్లనీ కాకినాడ రప్పించారు. సత్యవేణి కాజాల పొట్లం పట్టుకుని తునివాళ్ల వరసంతా తిరిగింది. ఆ పేరుగలవాళ్లెవరూ లేరన్నారు. చివరికి శిక్షణాధికారి మంగతాయారు దగ్గరికి వెళ్లింది.

ఆవిడ కళ్లజోడు తీసి మెల్లగా చెప్పింది. “నూకరాజనే మనిషి లేడమ్మా. దాన్ని తోడుగొంతు అంటాం. పక్కవాడికి సాయపడే గుణం నేర్పడానికి శిరస్త్రాణమే పుట్టిస్తుంది. ముందే చెబితే మీరు మనసు పెట్టరు కదా. నీకు అందులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, తెలుసా?”

“నేనతనికి మా నాన్న సంగతి చెప్పానండీ.”

“అవును, అది నమోదైంది. అక్కణ్ణించే ఆ గొంతు నీకు బాగా దగ్గరైంది.”

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. సత్యవేణికి మాత్రం నలుగురిలో తన పైట ఎవరో లాగినట్టయింది.

“ఉద్యోగంలో చేరాక కూడా ఉంటాయాండీ ఈ గొంతులు?”

“అప్పుడప్పుడు, పరీక్షకి. ఎవరి గొంతుతోనైనా రావచ్చు. ముందుగా చెప్పరు.”

ఉప్పాడ సముద్రంలోని గాలిమరల మీద ఆమెకు పని దొరికింది. జంట వీరబాబు నిజం మనిషే. పొద్దున్నే పడవలో పక్కన కూర్చుని పెసరట్టు తినేవాడు. పైకెక్కి, గాలి హోరులో మాట వినపడేందుకు శిరస్త్రాణాలు పెట్టుకుని యంత్రపు గదికి చెరో పక్కా చేరాక మాత్రం ఒకరికొకరు కనపడరు, గొంతులే. సత్యవేణి పనికి కావలసిన మాట తప్ప మరో మాట ఆడేది కాదు. అతను ఇంటి సంగతులడిగితే, “పని చూడండి” అనేది.

ఒకనాడు వాన వెలిసి, ఇనుమంతా తడిగా ఉంది. అవతలి పక్క నుంచి గొంతు వినిపించింది.

“సత్యవేణిగారూ, పట్టు జారుతోంది. ఒక్కసారి ఇటొస్తారా?”

ఆమె పానా ఆగింది. అదే రొప్పు. అదే వణుకు. ఒళ్లంతా మంటెత్తింది.

“ఎన్నిసార్లు ఆడతారీ నాటకం? నేను రాను. వేసుకోండి మార్కులు.”

మళ్లీ పిలుపు రాలేదు. పరీక్ష ముగిసిందనుకుని ఆమె మిగిలిన బోల్టు బిగించింది. కింద పడవలోంచి కేకలు వినిపించాకే అవతలికి పరుగెత్తింది. నడుముపట్టా తాడుకి వీరబాబు, కుడిచెయ్యి నలిగిపోయి, స్తంభం వెంట తల వాల్చి వేలాడుతున్నాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు.

ఆసుపత్రిలో సత్యవేణి అతని మంచం పక్కకి వెళ్లింది.

“నా మాట వినపడలేదాండీ?” అడిగాడు వీరబాబు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది. “వినపడింది. మీరు మనిషనుకోలేదు.”

అతను కోప్పడతాడని కాచుకుంది. అతను పైకప్పుకేసి చూస్తూ అన్నాడు.

“నాకూ ఒకమ్మాయి ఉండేది, శిక్షణలో. రమణమ్మ అని. పట్టాలిచ్చే రోజుదాకా ఆ అమ్మాయిని పెళ్లాడదామనుకున్నాను. మీ బదులు నేనున్నా రాకపోదును.” ఎడంచేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు. “మీరూ రారని తెలుసు. అందుకే రెండోసారి పిలవలేదు.”