గేటు మూసిన బ్రైడీ

గని లోపలికి దిగే లిఫ్టు ముందు బ్రైడీ హెల్మెట్ పెట్టుకుని నిలబడింది. అది వదులై మాటిమాటికీ ముక్కు మీదకు జారుతోంది. అయినా తీయడం లేదు. మెల్‌బోర్న్ నుంచి బెండిగోకు, తాతయ్య దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఈ బంగారు గని చూపించమని పోరు పెట్టింది మరి! ఇన్నాళ్లకు టికెట్లు దొరికాయి. తాతయ్యతో పాటు పెద్దమ్మ కొడుకు ఫెర్గస్ కూడా వచ్చాడు.

"పైన ఎండ మాడ్చేస్తోంది. లోపల చల్లగా ఉంటుందిలే," అన్నాడు తాతయ్య. "మన గొర్రెలకేం దిగుల్లేదు. పొద్దున్నే ఫెర్గస్ గేటు తీసిపెట్టాడు. దాహమేస్తే అవే పక్క పొలంలోకి పోయి తొట్టిలో నీళ్లు తాగుతాయి."

బ్రైడీ చటుక్కున తాతయ్య వైపు తిరిగింది.

పొద్దున బయలుదేరే ముందు ఆమె తన గొర్రె పెగ్గీని చూడడానికి వెళ్లింది. పెగ్గీ పిల్లగా ఉన్నప్పుడు బ్రైడీయే సీసాతో పాలు పట్టింది. తిరిగి వస్తుంటే గేటు బార్లా తెరిచి కనిపించింది. కిందటి సెలవుల్లో కోళ్ల గూడు తలుపు వేయడం మరిచిపోయినందుకు ఫెర్గస్ వారమంతా ఏడిపించాడు. అందుకే ఈసారి గేటు మూసి, గొలుసు కూడా తగిలించింది. మంచి పని చేశానని మురిసిపోయింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

"పద పద! అప్పుడే కాళ్లు వణుకుతున్నాయా, పట్నం రాణీ?" అన్నాడు ఫెర్గస్.

ఇప్పుడు చెబితే గని చూడడం కుదరదు. సాయంత్రం వెళ్లి గప్‌చుప్‌గా గొలుసు తీసేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఈ ఎండలో సాయంత్రం దాకా నీళ్లు లేకుండా పెగ్గీ బతికి ఉంటుందా?

బ్రైడీ హెల్మెట్ తీసేసింది.

"తాతయ్యా, ఆ గేటు నేను మూసేశాను."

"ఎందుకే? నేను రాయి కూడా అడ్డం పెట్టానుగా!" అరిచాడు ఫెర్గస్.

"రాయి జరిపేశాను. మూయకపోతే మళ్లీ నవ్వుతావని..."

తాతయ్య గబగబా హెల్మెట్లు తిరిగిచ్చి కారు తాళాలు తీశాడు.

కారు ఎంత వేగంగా పోతున్నా బ్రైడీకి నత్తనడకలాగే ఉంది.

గొర్రెలన్నీ గేటు దగ్గర మూగి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. వాటిలో పెగ్గీ లేదు.

"అన్నిటినీ ఒక్కసారే వదలకూడదు, తొక్కుకుంటాయి," అంటూ తాతయ్య గేటు కొద్దిగా తీశాడు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి తొట్టి వైపు పరుగెత్తాయి.

పెగ్గీ దూరంగా చెట్టు కింద పడుకుని ఉంది. పిలిచినా లేవలేదు. ఫెర్గస్ పరుగున బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. బ్రైడీ వేళ్లు తడిపి దాని మూతికి రాసింది. పెగ్గీ వేళ్లు నాకింది. తరువాత బకెట్లో మూతి పెట్టింది. కాసేపటికి లేచి, తుమ్మి, బ్రైడీ గౌను నిండా నీళ్లు చిమ్మింది. బ్రైడీకి ప్రాణం లేచి వచ్చింది. నవ్వబోయి ఏడ్చేసింది.

"మంచికి పోతే చెడు ఎదురైంది, అంతే," అన్నాడు తాతయ్య ఆమె తల నిమురుతూ. "ఇక్కడ గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి తల్లీ. వేసి ఉంటే వెయ్యాలి, తీసి ఉంటే తీసే ఉంచాలి. సమయానికి చెప్పావు, బతికాం."

మర్నాడు పక్కవాళ్ల పొలం మీదుగా నడుస్తుంటే దారిలో ఒక గేటు సగం తెరిచి ఉంది. పొలంలో ఆవులు మేస్తున్నాయి. కావాలనే అలా వదిలారో, గాలికి కదిలిందో తెలియదు. మూయాలా? పూర్తిగా తీయాలా? బ్రైడీ చెయ్యి గొలుసు దాకా వెళ్లి ఆగింది.

"ఏంటి, గొలుసు కరుస్తుందా?" అన్నాడు ఫెర్గస్.

"నవ్వితే నవ్వుకో," అంది బ్రైడీ. గేటును ముట్టుకోకుండా, ఆ పొలం వాళ్లను అడగడానికి ఎండలో వాళ్ల ఇంటి వైపు నడిచింది.